వెలుగును ఓడించే నౌక!

1977లో బయల్దేరిన వాయేజర్‌-1 సెకనుకు దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో దూసుకెళ్తోంది. అయినా సూర్యుడికి అతి దగ్గరి నక్షత్రమంత దూరం వెళ్లాలంటే దానికి 70 వేల ఏళ్లకు పైనే పడుతుంది. మరి ‘స్టార్‌ట్రెక్‌’లోని ఎంటర్‌ప్రైజ్‌ నౌక వారానికో కొత్త గ్రహాన్ని ఎలా చుట్టొచ్చేదీ?

1966లో అమెరికా టీవీలో మొదలైన ఆ సీరియల్‌కీ ఇదే చిక్కు. కాంతిని మించిన వేగం అసాధ్యమంటాడు ఐన్‌స్టీన్‌. ఆ మాట వింటే కథ నడవదు! అందుకే పుట్టింది ‘వార్ప్‌ డ్రైవ్‌’. పదార్థం, ప్రతిపదార్థం కలిస్తే వెలువడే శక్తిని డైలిథియం అనే ఊహా స్ఫటికాలు అదుపుచేస్తాయి. ఆ శక్తితో నౌక చుట్టూ ఉన్న అంతరిక్షమే వంగిపోతుంది.

కట్టుకథే కదా అని కొట్టిపారేయలేదు మెక్సికో భౌతికశాస్త్రవేత్త మిగెల్‌ అల్కుబియెర్రె. 1994లో ఐన్‌స్టీన్‌ గీసిన గీత దాటకుండానే లెక్కలు కట్టారు. పరిశోధనపత్రం పేరులోనూ ‘వార్ప్‌ డ్రైవ్‌’ అనే పెట్టారు. నౌక ముందున్న అంతరిక్షం కుంచించుకుపోవాలి, వెనకున్నది సాగాలి. మధ్యలో బుడగలాంటి చోట నౌక ఊరికే ఉంటే చాలు... ఏటి ప్రవాహంలో తెప్పలా సాగిపోతుంది!

ఇబ్బందల్లా ఇంధనంతోనే. దీనికి శూన్యంకన్నా తక్కువ శక్తి, అంటే ‘రుణశక్తి’ కావాలి. అదీ కనిపించే విశ్వంలోని మొత్తం పదార్థంకన్నా ఎక్కువ కావాలని 1997లో ఓ లెక్క తేల్చింది. తర్వాత ఆ అంకెను తగ్గించే దారులు కనిపెట్టారుగానీ నౌకను తయారుచేసే దారి మాత్రం ఇంకా దొరకలేదు.

అన్నట్టు, స్టార్‌ట్రెక్‌ కథలో మనిషి తొలి వార్ప్‌ నౌకను నడిపేది 2063లో. శాస్త్రవేత్తలకు ఇంకా గడువుంది మరి!