ములికి లేని బాణం

చెవులపిల్లి, కౌజు, పూరేడు, గువ్వ వంటి చిన్న జీవాలను కొట్టే బాణానికి ఇనుప ములికి అక్కరలేదు. దుప్పినో అడవిపందినో పడగొట్టాల్సిన బాణం కండలోకి దిగి నెత్తురు కార్చాలి కాబట్టి దానికి వాడి అంచు ఉండాలి. పావుకిలో పైచిలుకు తూగే కౌజుకు గట్టి దెబ్బ ఒక్కటి చాలు. అందుకే దాని బాణం చివర చెక్కతో చేసిన మొద్దు కొన ఉంటుంది. ఖర్చు లెక్క కూడా ఇక్కడే తేలిపోతుంది. బాణంలో కర్ర, నార, ఈక, బంక అన్నీ అడవిలో దొరికేవే. కమ్మరి దగ్గరికో సంతకో పోయి తెచ్చుకోవాల్సింది ఇనుము ఒక్కటే. మొద్దు బాణం ఆ ఒక్క ఖర్చునూ తీసేసింది.

కర్నూలు సీమలో విల్లంబులు అనగానే గుర్తొచ్చేది నల్లమల చెంచులు. మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ 1940లో కృష్ణకు ఉత్తరాన అమ్రాబాద్ పీఠభూమి మీద వాళ్ల పెంటల్లో, అంటే చిన్న గూడేల్లో, ఉండి చూసి, 1943లో పుస్తకం రాశాడు. విల్లు లేకుండా అడుగు బయటపెట్టని వేటగాళ్లన్న పేరుకు ఆయన చూసిన జీవితం అంతగా సరిపోదు. వాళ్ల కడుపు నింపింది ఎక్కువగా గడ్డలూ పండ్లే. మాంసం దొరికిన రోజు దొరికినట్టు. రాబడి ఇంత అరకొరగా ఉండే పనికి పనిముట్టు దాదాపు ఉచితంగా రావాలి.

బాణం చరిత్రలో మొద్దు కొనకు దక్కిన చోటు చాలా తక్కువ. తప్పు మట్టిది. రాయి నిలుస్తుంది, చెక్క కుళ్లిపోతుంది. బనగానపల్లె దగ్గర జుర్రేరు లోయలోని జ్వాలాపురం రాతిగూట్లో సుమారు 35,000 ఏళ్ల నాటి సూక్ష్మశిలా పనిముట్లు బయటపడ్డాయి. గోరంత ఉండే ఇలాంటి రాతి ముక్కలను కర్రలో పొదిగి ఈటెలకో బాణాలకో వాడి ఉంటారని పురావస్తు శాస్త్రవేత్తలు భావిస్తారు. వాటి పక్కన చెక్క కొనలు ఉన్నా ఇంతకాలం మిగిలేవి కావు. గాలి సోకని బురదలో మాత్రం చెక్క బతుకుతుంది. డెన్మార్క్‌లోని హోల్మెగార్డ్ చిత్తడినేలలో వేల ఏళ్ల నాటి మొద్దు కొన చెక్క బాణాలు అలాగే దొరికాయి.

ఇక తయారీ. సాధనపు వెదురు దాదాపు గట్టిగా, లోపల బోలు లేకుండా పెరుగుతుంది కాబట్టి విల్లు బద్దకు అది బాగుంటుంది. మధ్య, దక్షిణ భారతంలో చాలాచోట్ల గిరిజనులు నారిని కూడా వెదురు బద్దతోనే చేస్తారు. బాణానికి కావలసింది చిటికెనవేలంత లావున్న సన్నని వెదురు పుల్ల, లేదా వాగుల ఒడ్డున పెరిగే రెల్లు కాడ. కోత వానలు వెనకబట్టాక మొదలవుతుంది. పిండిపదార్థం ఎక్కువగా ఉన్న వెదురుకు పుప్పి పురుగు త్వరగా పడుతుంది. పారే నీళ్లలో కొన్నాళ్లు నానబెడితే ఆ పిండి కొంత కరిగిపోతుంది. ఆ తర్వాత నీడలో ఆరాలి, ఎండలో పెడితే పగులుతుంది.

ఆరిన పుల్ల తిన్నగా ఉండటం అరుదు. వంకర ఉన్నచోట నిప్పుల మీద కాచి, వేడి మీదే రెండో వైపుకు వంచి, చల్లారేదాకా పట్టుకోవాలి. కర్రను గట్టిగా ఉంచే లిగ్నిన్ వేడికి మెత్తబడి, చల్లారాక కొత్త ఆకారంలోనే గట్టిపడుతుంది. మొత్తం పనిలో ఓపిక ఎక్కువ అడిగేది ఈ దశే. నారి పట్టే గాడిని కణుపుకు కాస్త పైన కోస్తారు. అప్పుడు నారి తాకిడికి పుట్టిన చీలిక కణుపు దగ్గర ఆగుతుంది. గాడి కింద నారతో బిగించి చుట్టడం రెండో భద్రత. ఈ మెట్ట అడవుల్లో పెరిగే నారేప చెట్టు పట్ట నుంచి గట్టి నార వస్తుంది. ఈకలు అతికించడానికి చెట్టు బంకలు ఎన్నో ఉన్నా చాలావాటికి తేమ పడదు. ఆ విషయంలో లక్క మేలు: వేడి చేస్తే కరుగుతుంది, చల్లారితే బిగుస్తుంది, నీళ్లకు లొంగదు.

పుల్ల లావు విషయంలో ఏమరుపాటు కుదరదు. లావు పదోవంతు పెరిగితే బిగువు దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది, ఎందుకంటే అది వ్యాసపు నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. విడిచిన క్షణంలో బాణం తిన్నగా పోదు. వెనక నుంచి నారి తోస్తుంటే నడుము దగ్గర వంగి, విల్లును చుట్టి దాటి, అటూ ఇటూ ఊగుతూ పోతుంది. అమెరికా భౌతికశాస్త్రవేత్త క్లారెన్స్ హిక్‌మన్ 1930లలో అతివేగపు కెమెరాతో ఈ కదలికను పట్టి చూపించాడు. పుల్ల మరీ బిగువైతే ఒక పక్కకు, మరీ మెత్తనైతే రెండో పక్కకు గురి తప్పుతుంది. నేటి బాణాల కంపెనీలు 28 అంగుళాల దూరంలో రెండు ఆధారాల మీద పుల్లను ఆనించి, నడుమ 880 గ్రాముల బరువు వేలాడదీసి, అది ఎంత కుంగిందో కొలుస్తాయి. ఇంట్లో చేసుకునేవాళ్లకూ ఈ పరీక్ష కష్టం కాదు. ఒకే విధంగా కుంగే పుల్లలను ఒక కట్టగా ఏరుకుంటే సగం గురి కుదిరినట్టే.

మొద్దు కొనను గట్టి చేవ కర్రతో చెక్కి ముందు భాగాన బిగిస్తారు. అది మూడు పనులు చేస్తుంది. ఒకటి, బరువును ముందుకు జరుపుతుంది. వెనక ఈకలు గాలిని పట్టి లాగుతుంటే, ముందు బరువు దారి తప్పనివ్వదు. రెండు, దెబ్బను పరుస్తుంది. 25 గ్రాముల బాణం సెకనుకు 40 మీటర్ల వేగంతో పోతే దాని శక్తి 20 జౌళ్లు. సూదికొన ఆ శక్తితో కండను చీల్చుకుపోతుంది. రెండు సెంటీమీటర్ల మొద్దు దాన్ని పిట్ట ఒంటి మీద పరచి దెబ్బగా మారుస్తుంది. మూడోది అంతకన్నా విలువైన ఉపకారం: గురి తప్పిన మొద్దు బాణం చెట్టు మానులో దిగబడిపోదు, గడ్డి వేళ్ల కిందికి జారిపోదు. కంపలో పడ్డా పైపైనే కనబడుతుంది. తిరిగి దొరికిన బాణం కంటే చౌకైన బాణం లేదు. చెట్టు మీది పిట్టకు గురిపెట్టే విలుకాళ్లు కొన్ని దేశాల్లో వెనక ఈకలను కత్తిరించకుండా గుబురుగా వదిలేస్తారు. ముప్పై గజాలు దాటాక గాలి బాణం వేగాన్ని బాగా తగ్గిస్తుంది, వెతుక్కునే బాధ తగ్గుతుంది.

మొద్దు బాణానికి అసలైన పోటీ ఉండేలుది. పాత ఉండేలు కూడా విల్లే. రెండు నారుల నడుమ చిన్న సంచి కట్టి, కాల్చిన మట్టి ఉండను విసురుతారు. ఉండ పోయినా బెంగ లేదు. రబ్బరు అందుబాటులోకి వచ్చాక పంగల కర్రకు సైకిల్ ట్యూబు ముక్కలు కట్టుకుని అదే పేరుతో పిలిచారు. ఉచ్చులూ నాటు తుపాకులూ వచ్చాక విల్లు మరింత వెనకబడింది.

చట్టం సంగతి సూటిగా చెప్పాలి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదట చిన్న జంతువుల వేటకు లైసెన్సు ఉండేది. 1991 సవరణ దాన్ని ఎత్తేసింది. ఇప్పుడు నల్లమలలోనైనా లంకమలలోనైనా చెవులపిల్లిని, కౌజును బాణంతో కొట్టడం నేరం. నాగార్జునసాగర్–శ్రీశైలం ప్రాంతం 1983 నుంచి పులుల అభయారణ్యం కూడా. చెంచుల విల్లు బహిరంగంగా కనిపించే సందర్భాల్లో ఒకటి అహోబిలం పారువేట ఉత్సవం. సంక్రాంతి దాటాక స్వామి పల్లకి ఊళ్లకు బయలుదేరే ముందు చెంచులు దాని వైపు బాణాలు వేస్తారు. ఇంటి బాణాల నేర్పు చట్టానికి లోబడి సాగే మరో చోటు పోటీ మైదానం. జాతీయ విలువిద్య పోటీల్లో ‘ఇండియన్ రౌండ్’ అనే విభాగం ఉంది. అందులో వెదురు విల్లుతో, కర్ర బాణాలతో 30, 50 మీటర్ల దూరంలోని గురిని కొడతారు.