పొలంబడి

బడి అనగానే నాలుగు గోడలు, నల్లబల్ల, పుస్తకాలు మనసులో మెదలుతాయి. ఇవేవీ లేని బడి ఒకటుంది. అది వారానికి ఒక్క రోజు, పొద్దు పొడిచిన కొద్దిసేపటికి, వరిచేను గట్టున మొదలవుతుంది. అక్కడి విద్యార్థులు పాతిక ముప్పయి మంది రైతులు. వారి ముందున్న పైరే పాఠ్యగ్రంథం. నాటు నాటి నుండి కోత వరకు సాగే ఈ బడి ఇండోనేషియాలో పుట్టింది. అక్కడివారు దీనిని 'సెకోలా లపాంగాన్' అన్నారు. క్షేత్ర పాఠశాల అని దాని అర్థం. తెలుగునాట దీనికి 'పొలంబడి' అనే చక్కని పేరు స్థిరపడింది.

ఏనాటి నుండో వ్యవసాయం చేస్తున్న రైతుకు బడి ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం ఒక చిన్న పురుగు కథలో ఉంది.

వరికి పట్టే చీడలలో సుడిదోమ ఒకటి. బియ్యపుగింజ కంటె చిన్నదైన ఈ గోధుమరంగు దోమ, ఆకుల మీద కాక దుబ్బు మొదట్లో, నీటికి కాస్త పైన చేరి రసం పీలుస్తుంది. గట్టు మీద నిలబడి చూసేవారికి చేను పచ్చగానే కనిపిస్తుంది. కొద్ది రోజులలోనే చేను నడుమ అక్కడక్కడ పైరు గుండ్రంగా, సుళ్ళు తిరిగినట్లుగా ఎండిపోతుంది. ఆ సుళ్ళ వల్లనే దానికి ఆ పేరు వచ్చింది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 1966లో ఐ.ఆర్.8 అనే పొట్టి రకాన్ని విడుదల చేసింది. ఇటువంటి వంగడాలతో ఆసియా దేశాలలో ధాన్యం దిగుబడులు ఎంతగానో పెరిగాయి. వాటి వెంట రసాయన ఎరువులు, పురుగుమందులు కూడా పల్లెలకు చేరాయి. ఇండోనేషియా ప్రభుత్వం పురుగుమందుల ధరలో దాదాపు 80 శాతాన్ని తానే భరించి రైతులకు చవకగా అందించింది. మందు చవక అయినకొద్దీ వాడకం విరివి అయింది. కాని 1970ల నడుమ దోమపోటు ఆ దేశాన్ని కుదిపివేసింది. దోమను తట్టుకొనే కొత్త రకాలు వచ్చాయి; కొన్నేళ్ళకే దోమ వాటికీ అలవాటు పడింది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిన దేశం, 1985-86 నాటికి జావా ద్వీపంలో వేలాది హెక్టార్ల పైరు ఎండిపోతుంటే దిక్కుతోచని స్థితిలో పడింది. మందు చల్లినకొద్దీ దోమ తగ్గవలసింది పోయి పెరుగుతోంది!

ఈ వైపరీత్యానికి కారణాన్ని పీటర్ కెన్‌మోర్ అనే శాస్త్రజ్ఞుడు ఫిలిప్పీన్స్ వరిపొలాలలో చేసిన పరిశోధనల ద్వారా తేటతెల్లం చేశాడు. వరిచేనులో పైరును తినే పురుగులు మాత్రమే ఉండవు. ఆ పురుగులను తినే జీవులు అంతకంటె ఎక్కువ రకాలు ఉంటాయి. దుబ్బుల నడుమ తిరిగే సాలీళ్ళు దోమలను వేటాడి తింటాయి. మిరిడ్ నల్లులు దోమ గుడ్లను పీల్చివేస్తాయి. నీటి మీద పరుగులు తీసే చిన్న నల్లులు జారిపడిన పిల్లదోమలను పట్టుకొంటాయి. తూనీగలు, అక్షింతల పురుగులు సరేసరి. కంటికి ఆనని కొన్ని కందిరీగ జాతి కీటకాలు దోమ గుడ్లలోనే తమ గుడ్లు పెట్టి, వాటిని పొదగనీయకుండా చేస్తాయి. రైతు పైనుండి చల్లిన మందు ముందుగా ఈ మిత్రులను చంపుతుంది. దోమలు కొన్ని చచ్చినా, అవి ఆకుతొడిమల లోపల దాచిన గుడ్లకు మందు తగలదు. వారం పది రోజులలో ఆ గుడ్లు పగిలి పిల్లదోమలు బయటకు వచ్చేసరికి చేనులో వాటిని తినేవారెవరూ మిగలరు. మిత్రపురుగుల సంతతి మళ్ళీ కోలుకోవడానికి ఎక్కువ కాలం పడుతుంది. దోమకు అంత కాలం అక్కరలేదు. రైతు భయపడి మరొకసారి మందు చల్లుతాడు. కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

ఈ సత్యం గ్రహించిన ఇండోనేషియా ప్రభుత్వం 1986 నవంబరులో 57 రకాల పురుగుమందులను వరిపైరుపై వాడరాదని నిషేధించింది. ఆ తరువాత రెండు మూడేళ్ళలో మందులపై రాయితీని కూడా క్రమంగా ఎత్తివేసింది. నిషేధానికి ఒక ఉత్తర్వు చాలు. రైతు గుండెలోని భయం ఉత్తర్వులతో పోదు. పురుగు కనబడగానే మందు చల్లాలని ఇరవై ఏళ్ళుగా చెప్పినవారే, ఇప్పుడు వచ్చి చల్లవద్దంటే రైతు ఎందుకు నమ్మాలి? ఆకు మీద పాకుతున్న సాలీడు తనకు మేలు చేస్తుందని మాటలతో చెబితే ఎవరికి నమ్మకం కుదురుతుంది? అది దోమను పట్టి తినడం తన కళ్ళతో చూడాలి. ఈ ఆలోచనతోనే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ సహకారంతో 1989లో జావాలో తొలి క్షేత్ర పాఠశాలలు ఆరంభమయ్యాయి. బోధించవలసిన ఉద్యోగులు సైతం ముందుగా ఒక పంటకాలమంతా బురదలో దిగి, స్వయంగా వరి పండించవలసివచ్చింది. నేర్పేవారికి ముందు పొలం తెలియాలన్న ఈ నియమం ఎంతో మెచ్చదగినది.

పొలంబడిలో ఒక రోజు ఇలా గడుస్తుంది. రైతులు అయిదుగురేసి చొప్పున జట్లుగా ఏర్పడి చేనులోకి దిగుతారు. ఒక్కొక్క జట్టు చేనులో అక్కడక్కడ పది దుబ్బులను ఎంచుకొంటుంది. వంగి, దుబ్బును మెల్లగా విడదీసి, మొదలు నుండి కొస వరకు పరిశీలిస్తారు. పిలకలు ఎన్ని, పైరు ఎత్తు ఎంత, ఎండిన మొవ్వులు ఉన్నాయా, దోమలు ఎన్ని, సాలీళ్ళు ఎన్ని, నీరు ఎంత లోతున ఉంది అన్నవన్నీ లెక్కిస్తారు. పేరు తెలియని పురుగును ప్లాస్టిక్ సంచిలో పట్టి తెస్తారు. గట్టుకు వచ్చి, పెద్ద కాగితం నడుమ వరిదుబ్బు బొమ్మ గీసి, ఒక పక్క శత్రుపురుగులను, మరొక పక్క మిత్రపురుగులను రంగు పెన్సిళ్ళతో చిత్రిస్తారు. ఆకాశం మబ్బుగా ఉంటే మబ్బు గీస్తారు. ఆకులు పసుపువారితే ఆ రంగే వేస్తారు. అక్షరం రాని రైతు ఈ బడిలో వెనుకబెంచీలో కూర్చోనక్కరలేదు. జీవితమంతా పైరును చూసిన కన్ను గల మనిషి గీసిన పురుగుకు కాళ్ళు, రెక్కలు తప్పిపోవు.

తరువాత ప్రతి జట్టు నుండి ఒకరు లేచి, తమ బొమ్మను చూపి, ఈ వారం చేనుకు ఏమి చేయాలో చెబుతారు. మందు చల్లాలని ఒకరంటారు. సాలీళ్ళు తగినన్ని ఉన్నాయి, ఆగుదామని మరొకరంటారు. వాదన వేడెక్కుతుంది. శిక్షకుడు తీర్పు చెప్పడు. "ఇది ఏ పురుగండీ?" అని అడిగితే పేరు చెప్పడం అతనికి చిటికెలో పని. అతడు మాత్రం "ఎక్కడ దొరికింది? అప్పుడు ఏం చేస్తూ ఉంది? దాన్ని దోమలతో కలిపి ఉంచి చూద్దామా?" అని ఎదురు ప్రశ్నలు వేస్తాడు. ఈ ఓర్పు అలవడని శిక్షకుడి చేతిలో పొలంబడి మామూలు ఉపన్యాసంగా మారిపోతుంది.

ఆ ప్రశ్నల నుండే ప్రయోగాలు పుడతాయి. పలుచని గుడ్డ కట్టిన పంజరంలో వరిదుబ్బును, కొన్ని దోమలను, ఒక సాలీడును ఉంచుతారు. మరొక పంజరంలో సాలీడు లేకుండా దోమలను మాత్రమే ఉంచుతారు. మరునాడు వచ్చి లెక్క చూసుకొంటారు. దీనిని 'పురుగుల జంతుప్రదర్శనశాల' అని సరదాగా పిలుస్తారు. ఇంకొక ప్రయోగం ఇంతకంటె సాహసోపేతమైనది. లేతపైరు ఆకులను కత్తెరతో కొంతమేర కత్తిరించి, కోత వరకు ఆగి, కత్తిరించని పైరుతో దిగుబడిని పోల్చి చూస్తారు. పైరును చేజేతులా కత్తిరించడానికి ఏ రైతుకూ మొదట చేతులు రావు. కాని తొలిదశలో పోయిన ఆకులకు బదులు వరి కొత్త పిలకలు, ఆకులు వేసి కోలుకొంటుంది. ఆ సంగతి చూసినవాడు, ముప్పయి రోజుల పైరులో నాలుగు ఆకులు చిల్లులు పడగానే దుకాణానికి పరుగెత్తడు.

దుకాణం ప్రస్తావన ఇక్కడ అప్రస్తుతం కాదు. తెలుగుజిల్లాల పత్తిరైతు అనుభవం ఈ విషయంలో చేదైనది. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాలలో పత్తిని తెల్లదోమ ముంచివేసింది. విచ్చలవిడిగా వాడిన మందులే దాని విజృంభణకు దారితీశాయి. 1997-98లో వరంగల్లు జిల్లాలో పొగాకు లద్దెపురుగు పత్తి మీద విరుచుకుపడింది. మందులు పనిచేయలేదు, అప్పులు మిగిలాయి. పలువురు రైతులు ప్రాణాలు తీసుకొన్నారు. ఆ రోజులలో అనేక గ్రామాలలో పురుగుమందు అమ్మేవాడు, అప్పు ఇచ్చేవాడు, ఏ మందు కొట్టాలో చెప్పేవాడు ఒక్కడే. ఎక్కువ అమ్ముడుపోతే లాభం పొందే వ్యక్తి సలహా మీదనే పేదరైతు ఆధారపడ్డాడు. తన చేనులోని పురుగును తాను గుర్తించలేకపోవడం అతనికి కేవలం అజ్ఞానం కాదు, అదొక బానిసత్వం కూడా. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వ్యవసాయశాఖ వరి, పత్తి వంటి పంటలలో పొలంబడులు నడపడానికి పూనుకోవడం వెనుక ఈ నేపథ్యం ఉంది. సుడిదోమకు మందు కంటె ముందు చేయవలసినవి అక్కడ రైతులు చేతులతో చేసి నేర్చుకొన్నారు. ప్రతి రెండు మీటర్లకు 20 సెంటీమీటర్ల వెడల్పున కాలిబాటలు తీస్తే దుబ్బుల మొదళ్ళకు గాలి, వెలుతురు తగులుతాయి. చేనును అప్పుడప్పుడు ఆరబెడితే, నత్రజని ఎరువును అతిగా వేయకపోతే దోమకు అనువు తగ్గుతుంది. వీటిలో దేనికీ డబ్బాల ఖర్చు లేదు.

ఈ విధానం తొంభైకి పైగా దేశాలకు విస్తరించింది. కెన్యాలో పశుపోషణకు, ఇతర దేశాలలో కూరగాయల సాగుకు, నేల సంరక్షణకు కూడా ఇటువంటి బడులు నడిచాయి. అయితే పొలంబడి సర్వరోగనివారిణి కాదు. ఇండోనేషియా అనుభవంపై 2004లో వెలువడిన ఒక అధ్యయనం, బడిలో చదివిన రైతుల దిగుబడులలో గాని, మందుల వాడకంలో గాని చెప్పుకోదగిన మార్పు కనిపించలేదని పేర్కొని పెద్ద చర్చ లేవదీసింది. అనేక దేశాల ఫలితాలను క్రోడీకరించి 2014లో వెలువడిన సమీక్ష కొంత భిన్నమైన చిత్రాన్ని ఇచ్చింది. పాల్గొన్న రైతులకు మేలు జరిగింది. కాని వారి నుండి ఆ విద్య పొరుగువారికి పాకలేదు. ఇందులో వింత లేదు. ఒక మందు పేరు నోటిమాటగా ఊరంతా వ్యాపిస్తుంది. పదునాలుగు వారాలు వంగి చూసి సంపాదించిన చూపు అలా వ్యాపించదు. ప్రభుత్వాలు లెక్క కోసం హడావిడిగా బడుల సంఖ్య పెంచినచోట ఆ చూపు రైతుకు కూడా అబ్బలేదు.

మరొక లోపం కూడా ఉంది. నాట్లు వేసేది, కలుపు తీసేది ఎక్కువగా స్త్రీలు. చేనులో వంగి పనిచేసే వారి కంటికే పురుగు ముందు పడుతుంది. కాని బడి పట్టికలో పేరు మాత్రం చాలాచోట్ల పట్టాదారైన పురుషునిది. స్త్రీలు ముందుకు వచ్చినచోట కథ మరొకలా నడిచింది. ఖమ్మం జిల్లాలో ఉండిన పునుకుల గ్రామంలో పత్తి, మిరప రైతులు స్వచ్ఛందసంస్థల తోడ్పాటుతో పురుగుమందులు మానడానికి పూనుకొన్నప్పుడు, మహిళా సంఘాలు ఆ పనిని భుజాన వేసుకొన్నాయి. 2003-04 ప్రాంతంలో ఆ ఊరు పురుగుమందులు వాడని గ్రామంగా ప్రకటించుకొంది. ఆపైన 2004-05 నుండి రాష్ట్రంలో మహిళా స్వయంసహాయక సంఘాల ద్వారా ఇదే పద్ధతిని ఇతర జిల్లాలకు విస్తరింపజేశారు. పునుకులలో వేపగింజలను పొడిచేసే యంత్రాన్ని సంఘం స్త్రీలే నడిపారు. మందుల దుకాణానికి వెళ్ళే డబ్బులో కొంత, గింజలు ఏరి తెచ్చినవారికి, వాటిని దంచి పొడి చేసినవారికి కూలిగా ఊరిలోనే మిగిలింది.