అలవాటు ఒకటే, అర్థాలు ఎన్నో



మిరపకాయలు కోసేటప్పుడు మీ చేతుల వైపు ఎప్పుడైనా చూసుకున్నారా? నోరు కబుర్లు చెబుతూ ఉంటుంది. కళ్లు గట్టు మీద ఆడుకునే పిల్లవాడి మీద ఉంటాయి. చేతులు మాత్రం పండిన కాయను పట్టుకుంటాయి. పచ్చికాయను వదిలేస్తాయి. చేతులకు ఈ పని ఎవరు నేర్పారు?

ఒకసారి జూలూరుపాడు దగ్గర ఒక చేలో నేనూ కోయబోయాను. కాయలతో పాటు కొమ్మలు కూడా విరిచాను. నేను సగం సాలు దాటేసరికి పక్కనున్న అక్క రెండు సాళ్లు ముగించింది. నన్ను చూసి నవ్వింది. "నీకు అలవాటు లేదు గదా టీచరమ్మా!" అన్నది.

ఆ అక్క అన్న 'అలవాటు' అంటే నేర్పు. చేయగా చేయగా వచ్చే నేర్పు. దీన్నే 'చెయ్యి తిరిగింది' అంటాం. బాగా వచ్చిన పనిని 'ఆమెకు అది కొట్టిన పిండి' అంటాం.

ఈ నేర్పు ఎట్లా వస్తుంది? అడవిలో కాలిబాట పడినట్టే వస్తుంది. మొదట అంతా గడ్డి, ముళ్లు. చూసి చూసి అడుగు వేయాలి. పది మంది పది రోజులు నడిస్తే గడ్డి అణుగుతుంది. ఏడాది నడిస్తే బాట పడుతుంది. అప్పుడు చీకట్లో కూడా కాళ్లే దారి పట్టుకుపోతాయి. మన మెదడులో కూడా ఇట్లాగే బాటలు పడతాయి. కొత్త పనికి మెదడు ప్రతి అడుగూ ఆలోచిస్తుంది. పాత పనికి ఆలోచన అక్కరలేదు. అందుకే కూరలో ఒకసారి ఉప్పు వేసి, మాటల్లో పడి మళ్లీ వేస్తాం. 'అలవాటులో పొరపాటు' అని నవ్వుకుంటాం.

రష్యా దేశంలో పావ్లోవ్ అనే శాస్త్రవేత్త ఉండేవాడు. ఆయన కుక్కల మీద పరీక్షలు చేశాడు. తిండి పెట్టే ముందు ప్రతిసారీ ఒక చప్పుడు చేసేవాడు. కొన్నాళ్లకు తిండి కనపడకపోయినా సరే, చప్పుడు వినగానే కుక్కల నోట్లో నీళ్లు ఊరేవి. మనం కుక్కలం కాదు, నిజమే. కానీ పొద్దుగూకే వేళకు కొందరి కాళ్లు కల్లు దుకాణం వైపు ఎందుకు తిరుగుతాయో ఈ పరీక్ష చూస్తే తెలుస్తుంది. అక్కడ చప్పుడు ఏమీ ఉండదు. ఆ వేళే చప్పుడు.

అలవాటుకు మన భాషలో చుట్టాలు చాలా ఉన్నాయి. రోజూ ఒకే ఇంట్లో పాలు పోయించుకుంటే 'వాడిక'. తాత ముత్తాతల నుంచి ఇంట్లో చేస్తూ వస్తున్న పద్ధతి 'ఆనవాయితీ'. పిల్లి పాలకు 'మరుగుతుంది'. పక్కవాడి వస్తువు కాజేసే గుణానికి 'చేతివాటం' అని ముద్దుపేరు. ఇక 'మామూలు' అంటే అసలు అర్థం రోజూ జరిగేది అని. ఇప్పుడు మామూలు ఇచ్చావా అంటే లంచం ఇచ్చావా అని. తప్పు పని కూడా రోజూ జరిగితే దానికి మామూలు అనే పేరు వస్తుంది. ఈ మాట గుర్తు పెట్టుకోండి. దీనితో ముందు పని ఉంది.

ఇంకో అర్థం ఉంది. పెళ్లి సంబంధం చూడటానికి వచ్చినవాళ్లు మెల్లగా అడుగుతారు. "అబ్బాయికి అలవాట్లు ఏమైనా ఉన్నాయా?" రోజూ స్నానం చేస్తాడా అని కాదు వాళ్లు అడిగేది. తాగుతాడా అని. మన ఆడవాళ్లం కూడా "మా ఆయనకు కొద్దిగా అలవాటుంది" అంటాం. తాగి కొట్టినా అలవాటే. కూలి డబ్బులు పోసి వచ్చినా అలవాటే. మాట చిన్నది. దాని కింద దాగిన కష్టం పెద్దది. పెద్దవాళ్లు దీనికి పెట్టిన సరైన పేరు 'వ్యసనం'.

ఈ అలవాటును అలవాటుగా ఒప్పుకోని ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లూ మీలాగే రాత్రిబడికి వెళ్లినవాళ్లే. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలో దూబగుంట అనే ఊరు ఉంది. 1991లో ఆ జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం నడిచింది. ఆ రోజుల్లో సారా ప్యాకెట్లలో పల్లె పల్లెకూ వచ్చేది. చదువు పుస్తకంలో తాగుబోతు భర్తతో బాధపడే ఒక ఇల్లాలి కథ ఉంది. ఆ పాఠం చదివిన ఆడవాళ్లు 'ఇది మన కథే గదా' అనుకున్నారు. రోశమ్మ అనే ఆమె ముందు నిలబడింది. అందరూ కలిసి ఊళ్లో సారా దుకాణం మూయించారు. తరువాత వాళ్ల కథే పుస్తకంలో పాఠం అయింది. వేరే ఊళ్ల ఆడవాళ్లు దాన్ని చదివారు. 1992లో నెల్లూరు జిల్లాలో సారా వేలంపాటలను ఆడవాళ్లు అడ్డుకున్నారు. చీపుళ్లు, కారం పట్టుకుని దుకాణాల ముందు కూర్చున్నారు. ఉద్యమం రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి ప్రభుత్వం రాష్ట్రంలో సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చింది. 1997లో దాన్ని ఎత్తేశారు.

ఎత్తేశాక తాగుడు మళ్లీ పెరిగింది గదా, మరి ఏమి లాభం అని మా కేంద్రంలో ఒక అక్క అడిగింది. మంచి ప్రశ్న. దుకాణం మూయించడం ఒక పని. ఒంట్లో ఉన్న అలవాటును మాన్పించడం ఇంకో పని. మొదటిది ఊరంతా కలిస్తే అవుతుంది. రెండోదానికి వైద్యం కూడా కావాలి.

ఎందుకంటే చాలా ఏళ్లు రోజూ తాగిన మనిషికి ఒళ్లు సారాతోనే సరిపెట్టుకుంటుంది. అది ఒక్కసారిగా ఆగితే ఒళ్లు తట్టుకోలేదు. చేతులు వణుకుతాయి. చెమట పడుతుంది. నిద్ర రాదు. రెండు మూడు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. లేనివి కనిపించవచ్చు. ప్రాణం కూడా పోవచ్చు. దీన్ని గాలి సోకింది అని, దయ్యం పట్టింది అని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోవద్దు. ఆసుపత్రికి తీసుకుపోవాలి. రోజూ ఎక్కువగా తాగేవాళ్లు మానాలనుకుంటే ముందే డాక్టరుకు చెప్పాలి. కొన్ని రోజులు మందులు ఇచ్చి మాన్పిస్తారు.

2015లో తెలంగాణలో కల్తీ కల్లు మీద దాడులు జరిగాయి. ఆ కల్లులో ఆల్ప్రజోలం, డైజిపామ్ లాంటి నిద్రమందులు కలిపేవారు. అది దొరకకపోయేసరికి నిజామాబాద్, మహబూబ్‌నగర్ లాంటి జిల్లాల్లో చాలామంది పిచ్చిపట్టినట్టు ప్రవర్తించారు. ఆసుపత్రుల్లో చేరారు. వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు. వాళ్లు కల్లు తాగుతున్నామనే అనుకున్నారు. నిజానికి మరిగింది మందుకు.

మగవాళ్ల సంగతే చెప్పాను, మన సంగతి వదిలేస్తే తప్పు. కూలికి పోయేటప్పుడు బొడ్లో తంబాకు డబ్బీ పెట్టుకునే అక్కలు మనలో ఉన్నారు. "అది నములుతుంటే ఆకలి తెలియదు" అంటారు. పొగాకులో నికోటిన్ అనే పదార్థం ఉంది. మెదడు దాన్ని మరుగుతుంది. ఉత్తరాంధ్ర తీరంలో కొందరు ఆడవాళ్లు చుట్టను నిప్పు లోపలికి పెట్టుకుని తాగుతారు. అడ్డపొగ అంటారు. దానివల్ల నోటి పైభాగంలో క్యాన్సర్ వస్తుంది. నమిలే పొగాకు వల్ల బుగ్గల్లో, చిగుళ్ల దగ్గర వస్తుంది. నోట్లో తెల్లమచ్చ గానీ, మానని పుండు గానీ ఉంటే చూపించుకోండి. నొప్పి లేదు గదా అని ఊరుకోవద్దు. మొదట్లో నొప్పి ఉండకపోవచ్చు.

'పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదు' అని సామెత ఉంది. నాకు ఈ సామెత నచ్చదు. తంబాకు పుట్టుకతో రాలేదు గదా.

కొత్త అలవాటుకు ఎన్నాళ్లు పడుతుంది? లండన్‌లో 96 మంది మీద ఈ పరీక్ష చేశారు. ఆ ఫలితం 2009లో వచ్చింది. భోజనంతో పాటు పండు తినడం, నీళ్లు తాగడం లాంటి చిన్న పనులు వాళ్లు రోజూ చేశారు. అది అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే చాలింది. కొందరికి 254 రోజులు పడుతుందని లెక్క తేలింది. మధ్యలో ఒకరోజు తప్పినా అలవాటు చెడిపోలేదు. ఇంకో సంగతి. వాళ్లు కొత్త పనిని రోజూ చేసే పాత పనికి ముడివేశారు. 'రేపటి నుంచి చేస్తా' అంటే కుదరదు. 'అన్నం తిన్నాక చేస్తా' అంటే కుదురుతుంది.

ఇది మనకు ఎందుకంటే, అక్షరాలూ అంతే. కోతల కాలంలో రెండు నెలలు బడి మానేసి వచ్చినవాళ్లకు 'ఞ'తో పాటు 'ణ' కూడా పోయింది! నడవకపోతే బాట మీద గడ్డి మొలుస్తుంది.

మా కేంద్రానికి వచ్చే ఒక అక్క దీనికి ఒక ఉపాయం చేసింది. బస్సుస్టాండులో కూర్చుంటే చాలు, వచ్చిన ప్రతి బస్సు బోర్డూ పైకి చదువుతుంది. ఖమ్మం. కొత్తగూడెం. మొదట్లో బస్సు వెళ్లిపోయేది, చదవడం పూర్తయ్యేది కాదు. ఇప్పుడు బస్సు మలుపు తిరగగానే చెప్పేస్తుంది. పక్కనున్న మగవాళ్లు ఆమెనే అడుగుతున్నారు, "ఏ బస్సమ్మా అది?" అని.