పదవీ విరమణానంతరం నివాసం – ఫరీదాబాదు చెప్పే పాఠం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. సంస్థ క్వార్టర్సులో మూడు దశాబ్దాలు గడిపిన మన కుటుంబాలకు పెళ్ళిళ్ళ అనుభవం ఉన్నంతగా ఇంటి అనుభవం ఉండదు. నీరు రాకపోతే ఫిర్యాదు పుస్తకంలో ఒక వాక్యం వ్రాస్తే సరిపోయేది. చెట్లను సంస్థవారే నాటేవారు. పక్కింట బెంగాలీలు, ఎదురింట మలయాళీలు మన ప్రయత్నం లేకుండానే లభించేవారు. పదవీ విరమణతో ఈ మూడు సౌకర్యాలూ ఒక్కసారిగా దూరమవుతాయి.

రాజధాని పరిసరాలలో పనిచేస్తున్న తెలుగువారిలో పలువురు, పిల్లల ఉద్యోగాల దృష్ట్యా, ఇక్కడే స్థిరపడుతున్నారు. ఢిల్లీకి చేరువగా, పచ్చదనంతో, నానా ప్రాంతాల జనంతో కూడిన ఊరు ఏది అన్న ప్రశ్న మా ఇంట కూడ తలెత్తింది. కర్మాగారానికి స్థలం నిర్ణయించేటప్పుడు మనం జనం, దారి, నీరు, నేల, గాలి పరిశీలిస్తాము. ఇంటికి కూడ అదే పద్ధతి ఎందుకు పనికిరాదు? ఈ దృష్టితో మేము ఫరీదాబాదును పరిశీలించాము. అక్కడి మంచిచెడ్డలు రెండూ మన పాఠకులకు ఉపయోగపడతాయని తలుస్తున్నాము.

జనం, దారి

తూర్పున యమున, పడమట ఆరావళీ కొండలు. నడుమ ఈ పట్టణం. 1607లో జహంగీరు చక్రవర్తి కోశాధికారి షేక్ ఫరీద్ పేర వెలసిందని ప్రతీతి. అయితే నేటి పారిశ్రామిక నగరానికి పునాది వేసినది దేశ విభజన. బన్ను, డేరా ఇస్మాయిల్ ఖాన్ మొదలైన వాయవ్య సరిహద్దు ప్రాంతాల శరణార్థులకు 1949 నుండి ఇక్కడ కొత్త పట్టణం నిర్మించారు. కమలాదేవి ఛటోపాధ్యాయ నాయకత్వంలోని ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్ తోడ్పాటుతో శరణార్థులే సహకార సంఘాలుగా ఏర్పడి ఇళ్ళ నిర్మాణంలో శ్రమించారు. తరువాత కర్మాగారాలు వచ్చాయి. వాటితో బీహారు, ఉత్తరప్రదేశ్, దక్షిణాది కుటుంబాలూ వచ్చాయి. ఇండియన్ ఆయిల్ పరిశోధనా కేంద్రం, ఎన్.హెచ్.పి.సి. ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉన్నాయి. అన్ని ప్రాంతాలవారూ కలసి బ్రతకడం ఈ ఊరికి పుట్టుకతో వచ్చిన గుణం.

2015లో మెట్రో రైలు ఫరీదాబాదుకు, 2018లో బల్లభ్‌గఢ్‌కు చేరింది. అదే వయొలెట్ మార్గంలో ఐ.టి.ఓ. స్టేషను ఉన్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ 1948లో స్థాపించిన ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీవారి పాఠశాల దానికి సమీపంలోనే ఉన్నది. మనుమలకు తెలుగు అక్షరాలు అందాలని కోరుకునే తాతలకు ఇది చిన్న విషయం కాదు.

నీరు

పదవ శతాబ్దంలో తోమర రాజులు ఈ కొండలపై పడిన వాననీటిని పట్టి నిలపడానికి సూరజ్‌కుండ్ నిర్మించారు. అర్ధచంద్రాకారపు ఆ రాతిమెట్లు నేటికీ ఉన్నాయి. ఇంకొక కొండవాలున 1947లో కట్ట వేసి బడ్‌ఖల్ చెరువు ఏర్పరచారు. పడవ షికార్లతో కళకళలాడిన ఆ చెరువు 2000 తరువాతి తొలి సంవత్సరాలలో పూర్తిగా ఎండిపోయింది.

కారణం వానలు లేకపోవడం మాత్రమే కాదు. ఎగువన రాతి గనులు భూగర్భ జలమట్టం కంటె లోతుకు త్రవ్వడంతో, చెరువుకు రావలసిన నీరు ఆ గోతులలోకి ఇంకిపోయింది. వాగుల దారికి కట్టడాలు అడ్డువచ్చాయి. క్రింద గొట్టపు బావులు జలమట్టాన్ని మరింత దించాయి. 2002లో సుప్రీంకోర్టు ఈ కొండలలో గనుల త్రవ్వకాన్ని నిలిపివేసింది. ఎండిన చెరువును శుద్ధిచేసిన మురుగునీటితో నింపే పథకం స్మార్ట్ సిటీ కార్యక్రమంలో చేపట్టవలసి వచ్చింది. కొండ ఉచితంగా చేసిన పనికి నేడు పంపులు, గొట్టాలు, విద్యుత్తు కావలసివచ్చాయి. దీని ఖర్చు ఎంతో ఇంజనీర్లకు వేరుగా చెప్పనక్కరలేదు.

నేల

అందరికంటె ఎక్కువగా ఆలోచించవలసిన విషయం ఇది. పచ్చదనం కోరేవారు సహజంగా కొండ ఒడిలోనే ఇల్లు కావాలంటారు. వ్యాపారులకు ఈ బలహీనత బాగా తెలుసు. సూరజ్‌కుండ్ సమీపంలోని కాంత్ ఎన్‌క్లేవ్ ఉదంతం చూడండి. 1900 నాటి పంజాబ్ భూసంరక్షణ చట్టం క్రింద 1992 ఆగస్టులో ప్రకటితమైన నేల అది. అయినా అక్కడ స్థలాలు అమ్మారు, ఇళ్ళు కట్టారు. ఆ ప్రకటన తరువాత కట్టిన నిర్మాణాలను పడగొట్టి, కొన్నవారికి సొమ్ము తిరిగి ఇవ్వాలని 2018 సెప్టెంబరులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. సొమ్ము తిరిగి రావచ్చు. అరవై ఏళ్ళు దాటినవారికి గడచిన కాలం తిరిగి రాదు.

పేదల గతి ఇంకను కష్టం. 2021లో అదే కొండల అటవీ భూమిలోని ఖోరీ గ్రామాన్ని కోర్టు ఉత్తర్వుపై తొలగించారు. సుమారు 10 వేల ఇళ్ళు నేలమట్టమయ్యాయి. తక్కువ ధర చూసి స్థలం కొన్న కూలి కుటుంబాలు వీధిన పడ్డాయి. 1900 నాటి చట్టం క్రింద ప్రత్యేక ఉత్తర్వులు ఉన్న భూములు అడవులేనని 2022లో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది.

దీనికి భిన్నమైన చోటు కూడ ఆ కొండలలోనే ఉన్నది. దాని పేరు మాంగర్ బనీ. గుదరియా దాస్ బాబా ఆగ్రహిస్తాడన్న నమ్మకంతో చుట్టుపక్కల పల్లెలవారు అక్కడ కొమ్మ కూడ విరువరు. మన పల్లెలలో అమ్మవారి పేర విడిచిన తోపు వంటిది. మన చిరుమానుకు దగ్గరి బంధువైన ధౌ వృక్షాలు అక్కడ దట్టంగా పెరిగాయి. 2016లో హర్యానా ప్రభుత్వం ఆ వనాన్నీ, దాని చుట్టూ కొంత మేర నేలనూ నిర్మాణాలు జరుగరాని ప్రాంతంగా ప్రకటించింది. అడవి ప్రక్కనే తరతరాలుగా నివసించినవారే దానిని కాపాడారు.

గాలి

ఈ విషయంలో మాత్రం భ్రమ వద్దు. చలికాలపు పొగమంచుకు జిల్లా సరిహద్దులు తెలియవు. అందుకే 2021లో పార్లమెంటు రాజధాని ప్రాంతమంతటికీ కలిపి ఒకే వాయు నాణ్యతా సంఘానికి చట్టం చేసింది. ఇంటిలో ఉబ్బసం రోగులున్నవారు ఢిల్లీ విడిచి ఫరీదాబాదుకో, నోయిడాకో, గుర్‌గాఁవ్‌కో మారినంత మాత్రాన ఊపిరి తేలికవుతుందని తలచరాదు. అట్టివారు నవంబరు నుండి జనవరి వరకు స్వగ్రామంలో గడపగల ఏర్పాటును ముందుగానే ఆలోచించడం మేలు.

మా తీర్మానం

కొండను చూడగలిగేటంత దూరంలో ఉండాలి, కొండపై ఉండరాదు. మేము మెట్రోకు నడచి వెళ్ళగల పాత సెక్టారులో, పది రాష్ట్రాలవారున్న సహకార సంఘంలో చిన్న ఫ్లాటు నిర్ణయించుకొన్నాము. సంఘంవారు వాననీటి ఇంకుడు గుంతలకు అంగీకరించిన పిమ్మటనే బయానా ఇచ్చాము.

సోదర ఉద్యోగులకు మా మనవి ఇంతే. బయానా చెల్లించకముందు రెవెన్యూ రికార్డు నకలు తెప్పించుకోండి. అందులో సాగుకు వీలుకాని కొండ అని అర్థమిచ్చే "గైర్ ముమ్కిన్ పహాడ్" అనే మాట ఉంటే వెనుదిరగండి. భూసంరక్షణ చట్టం క్రింద ప్రకటన ఉన్నదేమో అటవీశాఖవారిని విచారించండి. గడచిన పదేళ్ళలో బోరు ఎన్ని అడుగులు లోతుకు దించారో పాత కాపురస్థులను అడగండి. భవిష్యనిధి సొమ్ము జీవితంలో ఒక్కమారే చేతికి వస్తుంది. దానిని పెట్టే నేల మీ తరువాత మీ పిల్లలకు నీడనివ్వాలి. అక్కడి చెరువుకు చేటు కారాదు.