మీకు తెలుసా? నానో కణానికీ ఓ ఎక్స్‌రే సంతకం

ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు నానో కణం ఆకారాన్ని చూపిస్తుంది. అందులో ఏ మూలకాలున్నాయో తేల్చేది పక్కనే అమర్చిన ఎక్స్‌రే డిటెక్టరు. వేగంగా దూసుకొచ్చిన ఎలక్ట్రాన్, పరమాణువు లోపలి కక్ష్యలోని ఎలక్ట్రాన్‌ను బయటికి తన్నేస్తుంది. ఖాళీ అయిన ఆ చోటికి పై కక్ష్యలోంచి ఇంకొకటి దిగుతుంది. మిగిలిన శక్తి ఎక్స్‌రేగా వెలువడుతుంది. ఆ శక్తి ఒక్కో మూలకానికి ఒక్కోలా ఉంటుంది: ఇనుముకు 6.4, రాగికి 8.05 కిలో ఎలక్ట్రాన్ వోల్టులు. ఈ విశ్లేషణకు 1951లో ఫ్రెంచి శాస్త్రవేత్త రేమోన్ కాస్టేన్ పరిశోధన పునాది వేసింది.

అయితే ఈ సంతకాల్ని గుడ్డిగా నమ్మలేం. నమూనాను పరిచే చిట్టి జల్లెడ చాలాసార్లు రాగిదే, కాబట్టి రాగి కనబడగానే సంబరపడకూడదు! మాలిబ్డినం డైసల్ఫైడ్ పలుచని పొరలతో మరీ చిక్కు: గంధకం 2.31 దగ్గర, మాలిబ్డినం 2.29 దగ్గర. ఇంత చిన్న తేడా డిటెక్టరుకు ఆనదు. అప్పుడు మాలిబ్డినం కోసం 17.5 దగ్గర వెతుక్కోవాలి. హైడ్రోజన్, హీలియం అసలు దొరకవు. వాటికి పై కక్ష్యలోంచి దిగడానికి ఎలక్ట్రానే లేదు మరి.