కృపాణం వెనుక నియమం

అమృతం పుచ్చుకున్న సిక్కుల నడుమున కృపాణం చూసి మనలో కొందరు జంకుతారు. దాని వెనుక ఉన్న నియమం తెలుసుకుంటే ఆ జంకు తగ్గుతుంది.

1606లో మొగలుల చెరలో గురు అర్జున్ దేవ్ ప్రాణాలర్పించారు. తరువాత ఆయన కుమారుడు హరగోవింద్ రెండు కత్తులు ధరించారు: ఒకటి ఆధ్యాత్మికానికీ, రెండవది లౌకికాధికారానికీ గుర్తు. 1699లో గురు గోవింద్ సింగ్ ఖాల్సాను నెలకొల్పారు. ఔరంగజేబుకు పారసీలో రాసిన జఫర్‌నామాలో, ఇతర ఉపాయాలన్నీ విఫలమైనప్పుడే కత్తి పట్టడం న్యాయమన్నారు.

ఆనందపూర్ యుద్ధంలో భాయీ కన్హయ్య గాయపడ్డ శత్రువులకూ నీళ్లు పోశాడట. ఫిర్యాదు వస్తే గురువు అతణ్ణి మెచ్చుకుని, మందు కూడా ఇచ్చి పంపారని సిక్కుల సంప్రదాయం. వైద్యుడిగా నాకు ఈ ఘట్టమే ముఖ్యం. పిల్లలు కృపాణం గురించి అడిగితే కత్తితోపాటు ఆ నీళ్ల కథ కూడా చెప్పండి.