తొంభై శాతం దగ్గర ఆపేయండి!

2021 ఆగస్టు నాటికి అమెరికాలో షెవ్రొలే బోల్ట్ విద్యుత్ కారున్న వాళ్ళు రోజూ పాటించాల్సిన నియమాలు ఇవి: బ్యాటరీని 90 శాతానికి మించి ఛార్జ్ చెయ్యకూడదు. ఇంకో 113 కిలోమీటర్లు నడిచేంత ఛార్జ్ ఎప్పుడూ మిగిలి ఉండాలి, అంతకన్నా కిందికి దిగనివ్వకూడదు. ఛార్జింగ్ కాగానే కారును ఆరుబయట నిలపాలి. రాత్రిపూట ఇంటి లోపల ఛార్జింగ్ పెట్టి పడుకోకూడదు. మరుసటి నెలలో ఇంకొకటి చేరింది. పార్కింగ్ భవనంలో పెట్టక తప్పకపోతే పై అంతస్తులో, పక్క కారుకు కనీసం 50 అడుగుల దూరంలో పెట్టుకోమన్నారు.

బ్యాటరీకి మంటలంటుకునే ముప్పుందని ఇవన్నీ చెప్పింది ఆ కారు తయారుచేసిన జనరల్ మోటార్స్ కంపెనీయే. 2017–19 మోడల్‌ను ఫుల్ ఛార్జ్ చేస్తే 383 కిలోమీటర్లు వెళ్తుందని చెప్పి అమ్మారు. పైనుంచి పది శాతం, కిందనుంచి 113 కిలోమీటర్లు కోసేస్తే చేతికి మిగిలేది 230 కిలోమీటర్ల చిల్లర. చలికాలంలో అదీ తగ్గుతుంది. బేస్‌మెంట్ పార్కింగ్ తప్ప మరో చోటు లేని అపార్ట్‌మెంట్ వాసుల అవస్థ మరీ ఎక్కువ. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఒక పార్కింగ్ స్థలం వాళ్ళయితే బోల్ట్ కార్లను రానివ్వమని ఏకంగా బోర్డే పెట్టేశారు.

నిజానికి కాలిపోయిన బోల్ట్ కార్లు చాలా కొద్ది. లక్షా నలభై వేలకు పైగా కార్లలో ఆ సంఖ్య లెక్కలోకి రానంత చిన్నది. అయినా యజమానులు అంతగా విసిగిపోయారంటే కారణం మంటల భయం ఒక్కటే కాదు. బ్రేకులోనో ఎయిర్‌బ్యాగ్‌లోనో లోపం ఉంటే సర్వీస్ సెంటర్‌కు వెళ్తే భాగం మారుస్తారు, పూట గడిచేసరికి పని అయిపోతుంది. బ్యాటరీ విషయంలో అలా కుదరలేదు. ఏ కారులో లోపముందో కంపెనీకే తెలియదు. తెలిసేదాకా కాపలా కాసే పని యజమాని నెత్తిన పడింది. ఇలా ఎందుకు జరిగిందో అర్థం కావాలంటే బ్యాటరీ లోపలికి వెళ్ళాలి.

రెండు లోపాలు, ఒకే చోట

బోల్ట్ కారు అడుగున ఉండే బ్యాటరీ బరువు 430 కిలోల పైమాటే. అందులో 288 సెల్స్ ఉంటాయి. ఒక్కో సెల్ బల్లపరుపుగా ఉండే ఒక సంచి. దాన్ని విప్పి చూస్తే ఆత్రేయపురం పూతరేకులా పొర మీద పొర కనిపిస్తుంది. రాగి రేకు మీద గ్రాఫైట్ పూత పూస్తే అది యానోడ్. అల్యూమినియం రేకు మీద నికెల్, మాంగనీస్, కోబాల్ట్ కలిసిన ఆక్సైడు పూస్తే అది కాథోడ్. ఈ రెండూ ఒకదాన్నొకటి తాకకుండా మధ్యలో సన్నని ప్లాస్టిక్ పొర ఉంటుంది. దాని పేరు సెపరేటర్, మందం మిల్లీమీటరులో యాభయ్యో వంతు ఉంటుందేమో. పొరలన్నీ తడిసేలా ఎలక్ట్రోలైట్ అనే ద్రవం పోస్తారు. సేంద్రియ ద్రావకాలతో చేసిన ఈ ద్రవానికి మండే గుణం ఉంది.

ఛార్జ్ చేస్తే లిథియం అయాన్లు కాథోడ్ నుంచి సెపరేటర్ రంధ్రాల గుండా యానోడ్‌కు చేరతాయి. కారు నడిపితే వెనక్కి వస్తాయి. విద్యుత్తు మాత్రం బయటి తీగ గుండా పోవాలి. రేకుల అంచున నాలుకలా పొడుచుకొచ్చిన భాగాన్ని ట్యాబ్ అంటారు. విద్యుత్తు సెల్‌లోకి వచ్చేదీ, బయటికి పోయేదీ అక్కడి నుంచే.

మంటలకు మూలం ఏమిటని వెతకగా రెండు తయారీ లోపాలు బయటపడ్డాయి. కొన్ని సెల్స్‌లో యానోడ్ ట్యాబ్ చిరిగి ఉంది. కొన్నింటిలో సెపరేటర్ మడత పడి ఉంది. ట్యాబ్ ఒక్కటే చిరిగితే ఆ అంచు సెపరేటర్‌ను ఒత్తుతుంది తప్ప అవతలికి పోలేదు. సెపరేటర్ ఒక్కటే మడతపడితే సందు ఏర్పడుతుంది కానీ అందులోకి పొడుచుకొచ్చేది ఏదీ ఉండదు. రెండూ ఒకే సెల్‌లో కలిసొస్తేనే ముప్పు. అప్పుడు యానోడ్, కాథోడ్ ఒకదానికొకటి తగిలి లోపలే షార్ట్ సర్క్యూట్ అవుతుంది.

ఆ తర్వాత జరిగేది గొలుసుకట్టు వ్యవహారం. తగిలిన చోట వేడి పుడుతుంది. వంద డిగ్రీల దరిదాపుల్లో గ్రాఫైట్ మీది రక్షణ పొర విచ్ఛిన్నమవుతూ మరింత వేడి వదులుతుంది. 130 డిగ్రీలు దాటాక సెపరేటర్ కరుగుతుంది. రెండు వందల దాకా వెళ్తే కాథోడ్ తనలోని ఆక్సిజన్‌ను వదలడం మొదలుపెడుతుంది. మంటకు కావాల్సిన ఇంధనం, ఆక్సిజన్, వేడి మూడూ సంచిలోనే ఉన్నాయి గనక పైన ఇసుక కప్పినా, గాలి ఆడకుండా చేసినా అది ఆగదు. అగ్నిమాపక సిబ్బంది గంటల తరబడి నీళ్ళు కొట్టి బ్యాటరీని చల్లబరచాల్సిందే. ఈలోగా ఒక సెల్ వేడి పక్క సెల్‌కు పాకితే కారు మొత్తం పోయినట్టే.

అరుదు అన్నంత మాత్రాన

రెండు అరుదైన లోపాలు ఒకే సెల్‌లో పడాలంటే అవకాశం ఎంత? కంపెనీ లెక్క కాదు గానీ, అర్థం కావడానికి ఒక ఊహాలెక్క వేద్దాం. ఒక్కో లోపం రెండు వేల సెల్స్‌లో ఒకదానికి వస్తుందనుకుంటే రెండూ కలిసి రావడం నలభై లక్షల్లో ఒకదానికే జరుగుతుంది. ఎంత తక్కువో! కానీ రీకాల్ అయిన, అంటే లోపం వల్ల కంపెనీ వెనక్కి పిలిచిన, కార్లలోని సెల్స్ మొత్తం లెక్క కడితే నాలుగు కోట్లు దాటుతుంది. అంటే పది సెల్స్ దాకా ఆ దురదృష్టం పట్టేవి ఉంటాయి. అవి ఏ పది కార్లలో ఉన్నాయో తెలియదు. కనక మిగతా వాళ్ళందరూ ఆ పదిలో తామూ ఉన్నామేమో అనుకుంటూ బతకాలి.

లోపలి మడత బయటికి కనిపించదు. ఎక్స్‌రే స్కానింగ్‌తో చూడొచ్చు గానీ అది కారు విప్పి, సెల్స్ అమర్చిన మాడ్యూళ్ళు తీసి, ఒక్కో సెల్‌నూ పరీక్షించే పని. అంతకన్నా కొత్త బ్యాటరీ వెయ్యడమే సులువు.

తొంభై దగ్గరే ఎందుకు?

లిథియం వచ్చి చేరినప్పుడు గ్రాఫైట్ దాదాపు పది శాతం ఉబ్బుతుంది, వెళ్ళిపోయినప్పుడు తగ్గుతుంది. అంటే ప్రతి ఛార్జింగ్‌కూ సెల్ పొరలన్నీ కాస్త కదులుతాయి. నిండుగా నింపి, అడుగంటా ఖాళీ చేస్తే ఆ కదలిక ఎక్కువ. చిరిగిన ట్యాబ్ ఉన్న సెల్‌లో ప్రతి కదలికా ఆ అంచును అవతలి వైపుకు నెట్టే అవకాశమే. పైగా నిండు ఛార్జ్‌లో ఉన్న కాథోడ్ లిథియం కోల్పోయి ఉంటుంది. వేడి తగిలితే ఆక్సిజన్‌ను తొందరగా వదిలేస్తుంది. అందుకే పైనా కిందా హద్దులు పెట్టారు. ఇంట్లో రాత్రి ఛార్జింగ్ వద్దనడానికి కారణం మాత్రం రసాయనం కాదు. ఇంట్లో వాళ్ళు నిద్రలో ఉంటారని.

ఈ హద్దు పెట్టుకునే తీరు కూడా చిత్రమే. 2019 మోడల్‌లో ఎంతవరకు ఛార్జ్ కావాలో యజమాని నిర్ణయించుకోవచ్చు. అంతకుముందు కార్లలో ఆ సదుపాయం లేదు. వాటిలో ఉన్నది ‘హిల్‌టాప్ రిజర్వ్’ అనే మీట. కొండ మీద ఇల్లున్న వాళ్ళు ఫుల్ ఛార్జ్ చేసుకుని పొద్దున్నే కిందికి దిగితే, బ్రేక్ వేసినప్పుడు పుట్టే విద్యుత్తును దాచుకోవడానికి బ్యాటరీలో చోటుండదు. అందుకని కొంత ఖాళీ వదిలేలా ఏర్పాటు చేశారు. మైదానంలో ఉన్న వాళ్ళ చేత కూడా కంపెనీ అప్పుడు అదే మీట నొక్కించింది.

సాఫ్ట్‌వేర్‌తో సరిపెట్టబోయి

మొదటి రీకాల్ ప్రకటన 2020 నవంబర్‌లో వెలువడింది. దక్షిణ కొరియాలోని ఓచాంగ్‌లో ఎల్జీ సంస్థ తయారుచేసిన సెల్స్ ఉన్న 2017–19 కార్లు, దాదాపు 69 వేలు. అప్పటికి అసలు కారణం తేలలేదు. తొంభై శాతం హద్దు తాత్కాలికమని, 2021 జనవరి 1 తర్వాత వీలైనంత త్వరగా కొత్త సాఫ్ట్‌వేర్ వేసి నూరు శాతం తిరిగిచ్చేస్తామని చెప్పారు. అలాగే వేశారు. జులైలో, ఆ సాఫ్ట్‌వేర్ వేయించుకున్న కార్లే రెండు తగలబడ్డాయి. అవే కార్లను రెండోసారి పిలిచారు. ఆగస్టు 20న, లోపం ఓచాంగ్ సెల్స్‌కే పరిమితం కాదంటూ అప్పటిదాకా తయారైన బోల్ట్ కార్లన్నిటినీ రీకాల్‌లో చేర్చారు. ‘మీ కారు భద్రమే’ అని అంతవరకు మాట విన్నవాళ్ళూ ఆ రోజుతో జాబితాలోకి వచ్చేశారు.

సాఫ్ట్‌వేర్ ఎందుకు పట్టుకోలేకపోయింది? బోల్ట్‌లో మూడేసి సెల్స్‌ను పక్కపక్కన కలిపి ఒక జట్టు చేస్తారు. అలాంటి జట్లు 96 వరుసగా ఉంటాయి. కారులోని కంప్యూటర్ ఒక్కో జట్టు వోల్టేజీని కొలుస్తుంది, విడిగా ఒక్కో సెల్‌ను కాదు. ఒక సెల్‌లో విద్యుత్తు కొద్దికొద్దిగా కారిపోతుంటే మిగతా రెండూ దాన్ని భర్తీ చేస్తాయి. జట్టు వోల్టేజీ తగ్గేది అతి స్వల్పంగా. కారు ఊరికే నిలిచి ఉన్నప్పుడు 96 జట్లనూ పోల్చి, ఏదైనా మిగతా వాటికన్నా తొందరగా దిగుతోందా అని రోజుల తరబడి గమనిస్తే తప్ప తేడా తెలియదు. నిన్నటిదాకా ఏ తేడా చూపకుండా ఒక్కసారిగా షార్టయ్యే సెల్ విషయంలో ఈ గమనింపు కూడా పనికిరాదు.

ఇదే కాలంలో హ్యుందాయ్ కోనా విద్యుత్ కారు కూడా ఇదే బాట పట్టింది. 2020 అక్టోబర్‌లో కొరియాలో రీకాల్ చేసి సాఫ్ట్‌వేర్ మార్చారు. ఆ మార్పు జరిగిన కారు ఒకటి 2021 జనవరిలో డేగు నగరంలో కాలింది. మరుసటి నెలలో ప్రపంచవ్యాప్తంగా సుమారు 82 వేల వాహనాలకు బ్యాటరీలే మార్చాలని నిర్ణయించారు. మన దేశంలోనూ 2020 డిసెంబర్‌లో 456 కోనా కార్లను పరీక్షకు పిలిచారు.

ఎవరి లెక్క ఎప్పుడు తేలింది?

బోల్ట్ రీకాల్ ఖర్చు దాదాపు 200 కోట్ల డాలర్లు. అందులో 190 కోట్ల దాకా భరించడానికి 2021 అక్టోబర్‌లోనే ఎల్జీ ఒప్పుకుంది. రెండు కంపెనీల మధ్య పద్దు ఆగస్టు ప్రకటన తర్వాత రెండు నెలల్లో తేలిపోయింది. యజమానుల పద్దు అంత తొందరగా తేలలేదు. ఇన్ని బ్యాటరీలకు సరిపడా సెల్స్ నిల్వలో ఉండవు, తయారు కావాలి. ఆ సెల్స్‌ను మళ్ళించడానికి కొత్త బోల్ట్‌ల తయారీనే నెలల తరబడి ఆపేశారు. 2017–19 కార్లకు పాతదానికన్నా సుమారు ఎనిమిది శాతం ఎక్కువ దూరం వెళ్ళే కొత్త బ్యాటరీలు దక్కాయి. తమకూ అలాగే వస్తాయని ఎదురుచూసిన 2020–22 కార్ల వాళ్ళకు 2023 జూన్‌లో వచ్చింది మళ్ళీ సాఫ్ట్‌వేరే. అది వేయించుకుంటే ఛార్జ్ 80 శాతం దగ్గర ఆగిపోతుంది. దాదాపు పది వేల కిలోమీటర్లు నడిచేదాకా అంతే. అప్పటికీ తేడా ఏదీ కనబడకపోతే నూరు శాతం తిరిగొస్తుంది, కనబడితే బ్యాటరీ మారుస్తారు.

సాంకేతికంగా చూస్తే ఇది మొదటి సాఫ్ట్‌వేర్ కన్నా నిజాయితీ గల పద్ధతి. వోల్టేజీలోని చిన్న తేడా బయటపడాలంటే అంత సమాచారం కావాలి. కానీ ఏడాదికి నాలుగైదు వేల కిలోమీటర్లే తిరిగే వాళ్ళకు ఆ పరీక్ష రెండేళ్ళు. వేయించుకున్న వాళ్ళకు ఆ ఏడాది చివర్లో 1,400 డాలర్ల కార్డు ఇస్తామని కంపెనీ ముందుకొచ్చింది. యజమానులు వేసిన దావాలో 15 కోట్ల డాలర్ల రాజీ కుదిరేసరికి 2024 వచ్చింది.

మన దగ్గర

తెలుగు నేల మీద ఈ చర్చ కార్లతో కాక స్కూటర్లతో మొదలైంది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లోనూ విజయవాడలోనూ ఇంట్లో ఛార్జింగ్ పెట్టిన బ్యాటరీలు పేలి మనుషులు చనిపోయారు. హైదరాబాద్‌కు చెందిన ఒక తయారీ సంస్థ రెండు వేల బండ్లను వెనక్కి పిలిచింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో సికింద్రాబాద్‌లో, కింద విద్యుత్ స్కూటర్ల షోరూమ్ ఉన్న భవనంలో రేగిన మంటలకు పైన హోటల్లో బస చేసిన వారిలో ఎనిమిది మంది బలయ్యారు. బ్యాటరీ ప్రమాణాలను కేంద్రం కట్టుదిట్టం చేసింది. కొత్త నిబంధనలు 2022 డిసెంబర్ నుంచి, రెండో దశ 2023 మార్చి 31 నుంచి అమల్లోకి వచ్చాయి.

మోటారు వాహనాల చట్టానికి 2019లో చేర్చిన 110ఎ సెక్షన్ ప్రకారం లోపమున్న వాహనాలను వెనక్కి పిలవమని కేంద్రం ఆదేశించవచ్చు. తయారీదారు పూర్తి ధర తిరిగి ఇవ్వాలి, లేదా వేరే వాహనం ఇవ్వాలి, లేదా బాగుచెయ్యాలి. ఆదేశానికి ఒక ఆధారం ఎందరు యజమానులు ఫిర్యాదు చేశారన్న శాతం. వైపర్లు, స్టీరింగు లాంటి వాటికి ఈ కొలబద్ద సరిపోతుంది. లక్షల్లో పదిమందికే జరిగే బ్యాటరీ మంటలకు సరిపోదు. ఫిర్యాదులు ఆ శాతానికి చేరేలోగా ఎన్ని ఇళ్ళు కాలాలి? పరీక్షా సంస్థల నివేదికలు, ఇతర సమాచారం ఆధారంగానూ ఆదేశించే వీలు అదే సెక్షన్‌లో ఉంది. బ్యాటరీల విషయంలో వాడాల్సింది ఆ వీలునే.

ఇక ‘బాగుచెయ్యడం’ అంటే ఏమిటన్నది రెండో ప్రశ్న. కారణం తేలకముందు వేసిన సాఫ్ట్‌వేర్‌ను మరమ్మతు కింద లెక్కవేస్తే ఏమవుతుందో బోల్ట్, కోనా రెండూ చూపించాయి. దాన్ని తాత్కాలిక ఏర్పాటు అనే పిలవాలి. అది నడిచినన్నాళ్ళూ యజమాని కోల్పోయిన కిలోమీటర్లకు, వెతుక్కున్న పార్కింగ్‌కు నెలవారీ పరిహారం తయారీదారు పద్దులో పడాలి. ఆలస్యం కంపెనీకి ఖర్చుగా మారితే సెల్స్ తొందరగా తయారవుతాయి. ఫ్యాక్టరీలో మడత పడ్డ పొరను అక్కడే ఏరి పారేసే యంత్రాలకూ డబ్బు దొరుకుతుంది.